కర్వ్స్ చేశావా?

ముదినేపల్లి నుంచి అటు కైకలూరు వెళ్లినా, ఇటు తాడేపల్లిగూడెం వెళ్లినా, నాలుగు కంప్యూటర్లున్న డీటీపీ షాపులో ఒక మాస్టారు తగులుతారు. శుభలేఖలు, ఫ్లెక్సీలు కుర్రాళ్లకు వదిలేసి ఆయన బియ్యం బస్తాలు, రొయ్యల మేత సంచులు, పచ్చడి ప్యాకెట్లు మాత్రమే చూస్తారు. ఒకప్పుడు గోడల మీద, లారీల వెనక అక్షరాలు రాసిన చెయ్యి అది. తర్వాత గోనె సంచుల మీద స్టెన్సిలు పెట్టి నీలం కొట్టింది. ఇప్పుడు మౌసు పట్టుకుంది గానీ, దాన్ని పూర్తిగా నమ్మదు.

ఏలూరులో గ్రాఫిక్స్ కోర్సు చేసొచ్చిన కుర్రాడు మొదటి రోజే తళతళలాడే డిజైను చూపిస్తాడు. వెనక బంగారు వెలుగు, వరి కంకి మీద మంచుబొట్లు. మాస్టారు కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చి, "బాగుందిరా అబ్బాయ్. కంప్యూటరే మిల్లుకి పంపిద్దాం, బియ్యం అందులోనే పోసుకుంటారు" అంటారు. తెర మీద వెలిగే రంగు సిరాలో రాదని చెప్పడం ఆయన పద్ధతిలో అది. ఆ తర్వాత ఓ ఖాళీ బస్తా చేతిలో పెట్టి తడిమి చూడమంటారు. అల్లిన ప్లాస్టిక్ గుడ్డ అది. దాని మీద సన్న గీత నిలవదు, 'ధ' పొట్టలోకి సిరా చేరి నల్లమచ్చవుతుంది. పైన మెరిసే ఫిల్ము అతికే బస్తాలైతే ఇంకో చిక్కు. ఫిల్ము పారదర్శకం కాబట్టి రంగుల కింద తెలుపు పడాలి. అది మరిచిపోతే లక్ష్మీదేవి ముఖంలోంచి వెనకున్నదంతా కనిపిస్తుంది.

ఆయన ఊతపదం "కర్వ్స్ చేశావా?" తెలుగు ఫాంటు ప్రెస్సు వాళ్ల కంప్యూటర్లో లేకపోతే 'సన్నబియ్యం' కాస్తా ఇంగ్లీషు అక్షరాల గల్లంతుగా తెరుచుకుంటుంది. అందుకని అక్షరాలన్నిటినీ బొమ్మలుగా మార్చాకే ఫైలు గడప దాటాలి. కుర్రాడు భోజనానికి లేచినా, సింగరాయపాలెం షష్ఠి తీర్థానికి సెలవడిగినా ముందు ఇదే ప్రశ్న. శిష్యుడి పెళ్లికెళ్లి అక్షింతలు వేస్తూ, "శుభలేఖలో ఎరుపు పక్కకి జరిగిందిరా" అని చెవిలో చెప్పి దిగిన మనిషి.

2022 మాస్టారికి పుష్కరాలొచ్చినంత సందడి. ఏప్రిల్ 4న ముదినేపల్లి కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది, బస్తాల మీద చిరునామాలన్నీ మార్చాలి. అది సర్దుకునేలోగా జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. మిల్లులు 26 కిలోల బస్తాకి మళ్లాయి. ఓ కుర్రాడు ముందు వైపు 26 చేసి, పక్క వైపు 25 వదిలేశాడు. మాస్టారు ప్రూఫును అటూ ఇటూ తిప్పి అడిగారు: "ఆ కిలో ఎవరు తిన్నార్రా?"

తప్పు జరగకముందు ఒక్క ముక్క చెప్పరు. నాకు నచ్చనిది అదే. రొయ్యల పచ్చడి ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క పెట్టినవాణ్ణి "రొయ్యకి నువ్వే మాల వేయించావా?" అన్నారే గాని, మాంసాహారానికి గోధుమరంగు చదరంలో త్రికోణం ఉండాలని సాయంత్రం దాకా విప్పి చెప్పలేదు. అమ్మవారి చీరకి మ్యాచింగని బార్‌కోడ్ ఎర్రగా మార్చిన అమ్మాయిని, ఆ ప్రింటుతో గుడివాడ సూపర్‌మార్కెట్ కౌంటరుకి పంపారు. ఎర్ర కాంతితో చదివే స్కానరుకి ఎర్ర గీతలు కనపడవు. వెనక క్యూలో వాళ్ల విసుగంతా పాపం ఆ పిల్ల మీదే. మళ్లీ ఆ పిల్ల బార్‌కోడ్ జోలికి పోలేదు.

మిల్లు ఓనరు గారు వచ్చి "ఎరుపు ఇంకాస్త ఎర్రగా ఉండాలి, మా నాన్నగారి ఫొటో ఇంకాస్త పెద్దగా ఉండాలి" అంటే మాత్రం మాస్టారంత వినయశీలి లేరు. "అలాగేనండీ" అని ప్రూఫు మీద తేదీ వేయించి సంతకం పెట్టించుకుంటారు. సంతకం పడందే ప్లేటు లేదు. రంగుకో సిలిండరు చెక్కే పనిలో పోట్లాట ఎటు తిరుగుతుందో ఆయనకి తెలుసు.

పని వచ్చిన కుర్రాళ్లు విజయవాడో హైదరాబాదో వెళ్లిపోతారు. పెద్ద ఆర్డరు ప్రెస్సుకి పంపే రాత్రి మాత్రం ఫోను ఇక్కడికే చేస్తారు. "చెప్పండి సార్" అని వాళ్లు అడక్కముందే అవతల్నుంచి ఆ ప్రశ్న వచ్చేస్తుంది.

ఈ పని నేర్చుకోవాలనుకునే పిల్లలూ, ఇలాంటి మాస్టారున్న షాపులోనే చేరండి. జీతం సంగతి మాత్రం మొదటి రోజే తేల్చుకోండి, అది ఆయన చిన్న అక్షరాల్లో కూడా రాయరు.