9999 ఇన్ 1 కేసెట్టుకు బహిరంగ లేఖ

ఒంటి మీద 9999 ఇన్ 1 అని అచ్చు వేయించుకుని అంగడి అంగడికీ తిరిగే కేసెట్టుకి,

సంక్రాంతి దగ్గర పడుతోంది. బంగారుపేట దాటి కుప్పం వైపు పోయే రైలు దారిలో ఉంది మా కామసముద్రం. ఇక్కడి నుంచీ, పక్కన కేజీఎఫ్ నుంచీ బెంగళూరుకు పనికి పోయినవాళ్ళు పండక్కి రైలు దిగేటప్పుడు ఇంట్లోవాళ్ళకు ఏదో ఒకటి తెస్తారు. ఆ సంచుల్లో నువ్వు మళ్ళీ కనిపిస్తున్నావు. ఒకప్పుడు ప్లాస్టిక్ కేసెట్టుగా వచ్చేదానివి. ఇప్పుడు చేతిలో ఇమిడే డబ్బాగా, టీవీకి గుచ్చే పుల్లగా, 400 అనీ 620 అనీ పది వేలనీ కొత్త అంకెలు తగిలించుకుని వస్తున్నావు. వేషం మారినా అబద్ధం అదే. అందుకే ఈ ఉత్తరం నీ పాత పేరుకే రాస్తున్నాను.

నువ్వు నకిలీవన్నది నా ఫిర్యాదు కాదు. నింటెండో వాళ్ళ ఫ్యామిలీ కంప్యూటర్ 1983 జులైలో జపాన్‌లో విడుదలైంది. దాన్ని చూసి చేసిన నకళ్ళే లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ లాంటి పేర్లతో తొంభైల్లో మన ఇళ్ళకు చేరాయి. అసలుది కొనే స్తోమత ఎవరికుంది? గనుల కాలనీల్లోనైనా మా పల్లెల్లోనైనా పిల్లలు మారియోని, కాంట్రాని, బ్యాటిల్ సిటీని చూశారంటే ఆ నకళ్ళ చలవే. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్‌లో బీజీఎంఎల్ బంగారు గనులు మూతపడ్డాయి. జీతం ఆగిపోయిన ఇంట్లో పిల్లలకు కొత్త ఆటవస్తువు ఎక్కడిది? ఉన్న పాత పెట్టెతోనే ఆడుకున్నారు. ఆ పెట్టెల మీద నాకు గౌరవమే ఉంది.

నా కోపమంతా నీ అంకె మీద. మారియో మొదటి ఆట మొత్తం 40 కిలోబైట్లు. అలాంటివి 9999 అంటే దాదాపు 400 మెగాబైట్లు. తొంభైల నాటి కేసెట్టులో అంత చిప్పు పట్టడం కల్లోని మాట. అంతెందుకు, జపాన్‌లో ఆ యంత్రానికి అధికారికంగా వచ్చిన ఆటలన్నీ కుప్ప పోసినా వెయ్యి పైచిలుకే. లోకంలో లేని ఆటల్ని నువ్వు ఎక్కడి నుంచి తెచ్చావు?

ఎక్కడి నుంచీ తేలేదు. నీ మరలు విప్పి చూస్తే లోపల చిన్న పచ్చ పలక, దాని మీద గట్టిపడిన నల్లటి జిగురు ముద్ద. ఆ ముద్ద కింద ఉన్నది పిడికెడు ఆటలు. మెనూలో ఒక్కో వరసకీ ఒక్కో అంకె వేసి, అదే ఆటని ఒకచోట రెండో స్టేజీ నుంచి, ఇంకోచోట ఎక్కువ లైఫులతో, మరోచోట రంగు మార్చి మొదలుపెట్టిస్తావు. పేర్లు మాత్రం వేరు వేరు. చిన్నపిల్లవాడు కింది బాణం నొక్కిపట్టి పేజీలు తిప్పుతూనే ఉంటాడు. ముందు పేజీలో చూసిన ట్యాంకులే మళ్ళీ వస్తాయి. తప్పు తనదేమో, సరిగ్గా నొక్కలేదేమో అనుకుని మళ్ళీ వెనక్కి పోతాడు. పసివాడి చేత అలా అనిపించడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అయినా పిల్లలు తొందరగానే నిన్ను పసిగట్టేస్తారు. ఆడేవాళ్ళు నిన్ను ముట్టుకోరు. నిన్ను కొనేది ఆడనివాళ్ళు. ‘మా అన్నకి చిన్నప్పుడు వీడియో గేమంటే ప్రాణం’ అన్న ఒక్క జ్ఞాపకాన్ని పట్టుకుని అంగడికి పోయే చెల్లెళ్ళు, భార్యలు, మేనత్తలు. వాళ్ళకు ఆట పేరు గుర్తుండదు, బొమ్మ గుర్తుంటుంది. ఏది కొనాలో తెలియని మనిషికి పెద్ద అంకె ధైర్యమిస్తుంది. ఇన్ని వేలల్లో వాడికి కావలసింది ఒకటైనా ఉండకపోతుందా అనుకుంటారు. ఆ ప్రేమ మీద నువ్వు వ్యాపారం చేస్తున్నావు.

మా మేనమామ కూతురు పోయిన పండక్కి వాళ్ళన్నకు నిన్ను తెచ్చింది. ‘దీంట్లో లేని ఆటే లేదంటన్నా, అంగడాయన చెప్పినాడు’ అంది. ఆయన టీవీకి తగిలించి ఓపిగ్గా వెతికాడు. చివరికి కాంట్రా దొరికింది. అడవిలోకి దూకే మొదటి స్టేజీ లేదు, నేరుగా జలపాతం దగ్గర మొదలైంది. ఆ స్టేజీలో ఇద్దరూ కలిసి పైకెక్కాలి. నీలం ప్యాంటువాడు తొందరపడితే కిందున్న ఎర్ర ప్యాంటువాడు తెర అంచున పడి చస్తాడు. చిన్నప్పుడు ఎర్ర ప్యాంటు ఎప్పుడూ ఆ పిల్లదే. ‘ఆగన్నా, నేనొస్తాండా’ అని అరిస్తే ఆయన తుపాకి గుండ్ల మధ్య నిలబడి ఆగేవాడు. నీ పెట్టెలో రెండో రిమోటే లేదు. ఆమె కాసేపు పక్కన కూర్చుని చూసింది. ‘బాగుంది పాపా’ అని ఆయన అన్నాడు. ఇద్దరికీ తెలుసు.

నీ పక్కనే అమ్మే బ్రిక్ గేమ్ మీద నాకు ఇంత కోపం లేదు. దాని మీదా 9999 అనే ఉంటుంది, నిజమే. కానీ 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్ ఆటే, పేరు చెప్పకపోయినా, అందులో ఆడతాం. రెండు బ్యాటరీలతో నెలల తరబడి నడుస్తుంది. కమ్మసంద్ర కోటిలింగాల గుడికి పోయిన పిల్లవాడికి కొనిచ్చినా డబ్బు వృథా కాదు.

నిన్ను కొనబోతున్నవాళ్ళతో ఇప్పుడు రెండు మాటలు చెప్పాలి. నువ్వూ విను.

అమ్మా, అన్నా, అంగడికి పోయే ముందు ఇంట్లో అటక చూడండి. చాలా ఇళ్ళల్లో పాత పెట్టె ఇంకా ఉంటుంది. అది చెడిపోయిందని అందరూ అనుకుంటారు కానీ, చాలాసార్లు పోయేది అడాప్టరే. కొత్తది కొనేటప్పుడు పెట్టె అడుగున ఎన్ని వోల్టులని రాసుందో, పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్న చిన్న బొమ్మ ఎలా ఉందో ఫోన్లో ఫొటో తీసుకుని పొండి. అసలు ఫ్యామిలీ కంప్యూటర్ అడాప్టర్‌లో మధ్యది మైనస్, అది 10 వోల్టులది. నకళ్ళలో ఒక్కోదానిది ఒక్కో తీరు. తలకిందులుగా పెడితే బోర్డు కాలిపోతుంది. రిమోటుకూ అంతే, కొన్నింటికి తొమ్మిది పిన్నులు, కొన్నింటికి పదిహేను. రంధ్రాలు లెక్కపెట్టి కొనండి. కొంటే రెండు కొనండి.

పాత కేసెట్టుల్ని మనమంతా ఉఫ్ అని ఊది పెట్టేవాళ్ళం. అలా ఊదొద్దని నింటెండోనే చెప్పింది, నోటి తడికి రాగి పట్టీలు చిలుమెక్కుతాయి. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి ఆ పట్టీల మీద మెల్లగా రుద్దండి. దూది నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా పుల్లలు మారుస్తూ తుడిచి, బాగా ఆరనిచ్చి పెడితే, ఏళ్ళుగా తెర మీద గీతలు తప్ప ఏమీ చూపని కేసెట్టు చాలాసార్లు లేచి కూర్చుంటుంది. మీవాళ్ళ సొంత కేసెట్టు మళ్ళీ ఆడటం కన్నా మంచి కానుక నాకు తెలియదు.

గన్నుతో వచ్చే సెట్టు చూసి డక్ హంట్ అని మురిసిపోకండి. ఆ పాత గన్ను ఏమీ కాల్చదు, చూస్తుంది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది. గన్ను మూతిలోని కన్ను ఆ వెలుగును సరిగ్గా ఆ వేళకే పట్టుకోవాలి. పాత డబ్బా టీవీ ఆ బొమ్మని అప్పటికప్పుడు గీస్తుంది. పల్చటి కొత్త టీవీ రవ్వంత ఆలస్యం చేస్తుంది, ఆ రవ్వంతకే గురి తప్పుతుంది. అది మనిషి తప్పు కాదు, గన్ను తప్పూ కాదు. కాబట్టి కావలసింది డబ్బా టీవీ. మనకు సరిహద్దు అవతలే తమిళనాడు. 2006లో కరుణానిధి ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత కలర్ టీవీ పథకంలో ఇచ్చిన 14 అంగుళాల టీవీలు అక్కడి చుట్టాల ఇళ్ళల్లో మూల పడి ఉన్నాయేమో అడగండి. వెనక పసుపు, తెలుపు పిన్నుల రంధ్రాలుంటే పాత ఆటకు అంతకు మించిన తెర లేదు.

మీవాళ్ళు కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడి పెరిగినవాళ్ళయితే కేసెట్టుల జోలికే పోకండి. ప్రిన్స్ ఆఫ్ పర్షియా చేసిన జోర్డాన్ మెక్నర్ ఆ ఆట తయారవుతున్న రోజుల్లో రాసుకున్న డైరీలు పుస్తకంగా వచ్చాయి, అది కానుకగా ఇవ్వండి. గేమ్ బాయ్‌లో పోకెమాన్ ఆడినవాళ్ళయితే ఆ కేసెట్టు లోపల సేవ్ నిలబెట్టే గుండీ బ్యాటరీ ఈపాటికి చచ్చి ఉండొచ్చు. దాన్ని బోర్డుకు అతికించి ఉంటారు, కాబట్టి సోల్డరింగ్ తెలిసిన మనిషి చేత మార్పించాలి. పాత సేవ్ ఇంకా మిగిలి ఉంటే, బ్యాటరీ తీసిన క్షణం పోతుంది. ముందే చెప్పి మార్పించండి.

ఇవేవీ కుదరకపోతే ఒక్క ప్రశ్న అడగండి, చాలు. ‘చిన్నప్పుడు ఏ ఆట ఆడేవాడివి, ఎవరితో?’ రెండో సగం మరచిపోకండి.

ఇక నీతో చివరి మాట. నిన్ను అమ్మడం మానమని నేనంటే ఎవరూ వినరు. నేను అడిగేది ఒక్కటే. పెట్టె మీద నీ అసలు లెక్క వేయించుకో. ఏడు ఆటలుంటే ఏడని రాయి, వాటి పేర్లు రాయి, ఏది ఎక్కడి నుంచి మొదలవుతుందో రాయి, రిమోట్లు ఎన్నో రాయి. మా మేనమామ కూతురు ఈసారి పెట్టె వెనక అట్ట చదవకుండా ఏదీ కొనదు. అన్న పాత పెట్టె అటక మీంచి దింపించింది, అడుగున ఉన్న చీటీ ఫొటో నాకు పంపింది. తొమ్మిది పిన్నుల రిమోట్లు రెండు వెతుకుతున్నాం.

ఇట్లు,
కామసముద్రం నుంచి, ఇంకా కాంట్రా ఆడే ఒక మనిషి