వేలు పట్టుకుని చెబుతున్నాను

నేను పల్స్ ఆక్సీమీటర్‌ని. 1974లో తకువో అవోయగి అనే జపాన్ ఇంజినీరు మా జాతికి పునాది వేశాడు. వేలిలోంచి ఎర్ర కాంతినీ, కంటికి కనిపించని పరారుణ కాంతినీ పంపి, నాడి కొట్టినప్పుడల్లా రక్తం ఏది ఎంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ శాతం చెబుతాను. ఆపరేషన్ థియేటర్లలో ఉండేదాన్ని కరోనా ఇంటింటికీ తెచ్చింది. అప్పట్నుంచి నేను 97 చూపిస్తే చాలు, "ఏం ఫర్వాలేదు" అనేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఆ మాటే.

చేతులు చల్లబడితే నాకు నాడి సరిగా అందదు. పొగలో చిక్కుకున్న మనిషి రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్‌ని ఆక్సిజన్‌గా లెక్కేస్తాను. నల్లని చర్మం మీద ఒక్కోసారి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాను.

మగవాళ్ల సర్జికల్ వార్డులో ఉంటున్నాను. ఒక రాత్రి కాలు విరిగిన కుర్రాడొకడు వార్డు అదిరేలా అరుస్తున్నాడు. సిస్టర్ అతని కాలివేళ్ల రంగు చూసి, కదిలించమని, స్పర్శ తెలుస్తోందా అని అడిగి, పాదం దగ్గర నాడి పట్టుకుంది. "ఇప్పుడే ఇంజెక్షన్ తెస్తా నాయనా" అని కదిలేలోపు కిటికీ పక్క మంచం దగ్గర ఆగిపోయింది. అక్కడ అరుపేమీ లేదు. ముందురోజు కడుపు ఆపరేషన్ అయిన మనిషి, ముక్కు గొట్టంతో ఆక్సిజన్ అందుతోంది.

"సాయంత్రం నుంచీ కుదురుగా పడుకోవడం లేదు సిస్టరమ్మా, ఏదేదో మాట్లాడుతున్నారు" అంది భార్య.

సిస్టర్ నన్ను అతని వేలికి తగిలించింది. 97. అక్కడితో వదల్లేదు. గడియారం చూస్తూ నిండు నిమిషం అతని ఛాతీనే గమనించింది. ఊపిరి 28. సాయంత్రం 84 ఉన్న పల్సు 118కి చేరింది. బీపీ ఇంకా 112/84. ఒళ్లు చల్లటి చెమట. యూరిన్ బ్యాగులో రెండు గంటలకు 30 మిల్లీలీటర్లు కూడా లేవు.

నా అంకె అబద్ధం కాదు. ఒంట్లో మిగిలిన రక్తం నిండా ఆక్సిజన్ ఉంది; తగ్గిపోతున్నది రక్తమే. ఆ లోటు కప్పిపుచ్చడానికి గుండె పరుగెడుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. అందుకే బీపీ ఆలస్యంగా పడుతుంది. పడేదాకా ఆగితే పరిస్థితి చెయ్యి దాటిపోతుంది.

"లోపల బ్లీడింగ్ అనుమానంగా ఉంది సార్, వెంటనే రావాలి" అని డ్యూటీ డాక్టర్‌కి అంకెలన్నీ వరసగా చెప్పింది. ఆయన వచ్చేలోపు రెండో చేతికి పెద్ద సూది వేసి, రక్తం గ్రూపింగ్‌కి పంపింది. అతన్ని థియేటర్‌కి తీసుకెళ్లారు. కుర్రాడికి ఇంజెక్షన్ అందింది.

మూల మంచం మీద పొగతాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దాయనకు 90 చూపించాను. మనవడు కంగారుగా ఆక్సిజన్ పెంచమన్నాడు. "తాతయ్యకి 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు బాబూ, ఎక్కువిస్తే లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది" అంది సిస్టర్.

ఒక్కొక్కరి ఊపిరి లెక్కకు నిమిషం చొప్పున, ముప్పై మంచాలకు అరగంట. ఒక్క సిస్టరే ఉన్న రాత్రి ఆ అరగంట ఎక్కడిది? అందుకే కొన్ని కేస్ షీట్లలో ఊపిరి గడి పొడుగునా 20, 20, 20 అనే కనిపిస్తుంది. నాలాంటివి ఇంకో పది కొనే ముందు, నైట్ డ్యూటీకి ఇంకో సిస్టర్‌ని వేయండి.