ఇంకో రెండు నెలలు

"రెండు నెలలాగు మామయ్యా, రేటు తగ్గుద్ది" అని మా మేనల్లుడు ఏ ముహూర్తాన అన్నాడో గానీ, ఆ రెండు నెలలు ఎప్పటికప్పుడు పునర్జన్మ ఎత్తుతూనే ఉన్నాయి. ఈలోగా నా ల్యాప్‌టాప్ ఆన్ నొక్కి, స్నానం చేసొచ్చి, టిఫిన్ తిని కూర్చుంటే అప్పుడు పాస్‌వర్డ్ అడుగుతోంది. లోపల హార్డ్ డిస్క్ మాత్రం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతోందట. ఎక్కడికో!

దాన్ని పీకించి ఎస్‌ఎస్‌డీ వేయిద్దామని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లాను. "జెన్ త్రీ 3,500, జెన్ ఫోర్ 7,000, జెన్ ఫైవ్ 14,000" అన్నాడు షాపతను. ధరలనుకుని జేబు తడుముకున్నాను. కాదట, సెకనుకి ఎంబీలట. నాది పాత సాటా మెషీను, వాటిలో ఒక్కటీ అందులో పట్టదు. సాటాలో ఎంత గొప్పది వేసినా 550 దగ్గర ఆగిపోవాల్సిందే. మరి జెన్ ఫైవ్ కోసం నేనెందుకాగాలి? "అది బాగా దిగితే పాతవి చవకవుతాయి" అంటాడు మేనల్లుడు.

ఇంకో తిరకాసుంది. 1 టీబీ అని కొని తగిలిస్తే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. కంపెనీవాళ్లది వెయ్యి లెక్క, విండోస్‌ది 1,024 లెక్క. కిలో కందిపప్పు ఇంటికొచ్చాక 931 గ్రాములు తూగితే కొట్టుకెళ్లి గొడవపడమా? ఇక్కడ అమ్మినవాడి తప్పు లేదట, తూచినవాడి తప్పూ లేదట. ఉన్నదల్లా విప్పి చూసినవాడి తప్పే! పైగా అదే డిస్కును టీబీల్లో చూస్తే 0.909. అంటే జీబీల్లో ఏడు శాతం తరుగు, టీబీల్లో తొమ్మిది. రాయి మారిస్తే తరుగు మారే తూకం ఇదొక్కటే. 1956లో ఐబీఎం చేసిన మొట్టమొదటి డిస్క్ డ్రైవ్ టన్ను బరువు, 50 పళ్లేలు. పట్టేది అక్షరాలా 50 లక్షల అక్షరాలు. అప్పట్లో పేచీ ఏదైనా ఉంటే మోతకూలి దగ్గరే ఉండేదేమో.

ఆగితే తగ్గుతుందన్నదీ వేదవాక్కేం కాదు. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి ఫ్యాక్టరీలు మునిగితే హార్డ్ డిస్కుల ధరలు అమాంతం ఎగిశాయి. ఆగినవాళ్లు నోళ్లు తెరిచారు.

మా నాన్న స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఆగారు. అప్పుడు ఆగక గతి లేదు. వంతు వచ్చేసరికి ఆయన మోకాళ్లు కిక్ కొట్టనివ్వలేదు. బండి నేను నడిపాను, ఆయన వెనక కూర్చున్నారు. నాకేమో బజారు నిండా సరుకుంది, చేతిలో కార్డుంది, అయినా ఆగుతున్నాను. ఆయన ఫొటోలన్నీ ఆ తిరిగే డిస్కులోనే ఉన్నాయి. ఈమధ్య అది టిక్కు టిక్కుమంటోంది.

అవన్నీ రాత్రే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. శనివారం సీటీసీకి వెళ్లి మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కొంటున్నాను, 931 జీబీది. జెన్ సిక్స్ ఎప్పుడొస్తుందో మీలో ఎవరికైనా తెలిస్తే, దయచేసి ఆదివారం దాకా నాకు చెప్పకండి.