పోర్టు మెయింటెయినర్లకు కొన్ని తలకిందుల సలహాలు

ఫ్రీబీఎస్‌డీలో ముప్పై వేలకు పైగా పోర్టులున్నాయి. వాటిలో ఒక్కదానికైనా మెయింటెయినర్‌గా మీ పేరుంటే ఈ నాలుగు మాటలు మీకోసమే. వినగానే తిక్క సలహాల్లా ఉంటాయి. అయినా పాటించమనే చెప్తాను.

కొత్త వెర్షన్ వచ్చిందనగానే అప్‌డేట్‌కి దిగకండి. భద్రతా లోపాన్ని సరిచేసే వెర్షనైతే ఆ రోజే పెట్టాలి, అందులో రెండో మాట లేదు. మిగతావి కొన్నాళ్లు ఆగినా కొంపలేం మునగవు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాధనం 5.6.0, 5.6.1 వెర్షన్లలోని దొంగదారిని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ పట్టుకున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతుంటే, ఎందుకా అని తవ్వుకుంటూ పోతే బయటపడింది. డెబియన్ టెస్టింగ్‌లోకి ఆ వెర్షన్ అప్పటికే చేరిపోయింది. పాతదాని దగ్గరే ఆగిన డెబియన్ స్టేబుల్ వాళ్లు బతికిపోయారు.

చెక్‌సమ్ కుదరకపోతే పని అక్కడే ఆపేయండి. చాలామంది ‘మేక్ మేక్‌సమ్’ కొట్టి, డిస్ట్‌ఇన్ఫో ఫైల్లో కొత్త అంకెలు పడగానే ముందుకెళ్లిపోతారు. ఒక టార్‌బాల్‌కి ఆ ఫైల్లో ఉండేది మూడే లైన్లు: టైమ్‌స్టాంప్, షా256 విలువ, సైజు. వాడేవాడికి మనమిచ్చే భరోసా అంతా ఆ మూడు లైన్లే. వెర్షన్ నంబరు మారకుండా టార్‌బాల్ మారిందంటే, పాతదీ కొత్తదీ విప్పి డిఫ్ తీయండి. రచయిత ఏదో చిన్న సవరణ చేసి అదే పేరుతో మళ్లీ పెట్టి ఉండొచ్చు. అయినా ఆయన్నే అడిగి నిర్ధారించుకోండి. డిఫ్‌లో సీ ఫైళ్లకంటే బిల్డ్ స్క్రిప్టుల మీదే ఎక్కువసేపు కూర్చోండి. ఎక్స్‌జెడ్‌లో దొంగదారి తెరిచిన ఎం4 ఫైలు గిట్ రిపోజిటరీలో లేనే లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లో మాత్రమే ఉంది.

మీ మెషిన్‌లో కంపైలైందంటే నమ్మకండి. అక్కడ కనబడిన లైబ్రరీనల్లా కాన్ఫిగర్ కలుపుకుపోతుంది, మేక్‌ఫైల్లో మీరు రాయని డిపెండెన్సీ అలా దూరుతుంది. పూద్రియేర్‌తో ఖాళీ జైల్లో బిల్డ్ చేసి చూడండి.

వార్నింగ్ కనబడిందని ఇతరుల కోడ్ మీరే దిద్దకండి, ముఖ్యంగా క్రిప్టో కోడ్. వాల్‌గ్రైండ్ ఫిర్యాదును వదిలించుకోవడానికి 2006లో డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఒకటి రెండు లైన్లు తీసేశారు. దాంతో రాండమ్ నంబర్లకు మిగిలిన ఆధారం ప్రాసెస్ ఐడీ ఒక్కటే. ఒక్కో రకం కీకి దాదాపు 32 వేల అవకాశాలే మిగిలాయి. 2008 మే దాకా ఎవరూ గమనించలేదు. తీసే ముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లను అడిగారు కూడా! అందుకే, అడగడంతో సరిపెట్టుకోకండి. ప్యాచ్ వాళ్ల సోర్సులోకి ఎక్కేదాకా పట్టుబట్టండి.

అన్నిటికంటే కష్టమైనది, పోర్టును వదిలేయడం. ఎవరైనా ప్యాచ్ పంపితే మెయింటెయినర్ జవాబు కోసం రెండు వారాలు ఆగాలన్నది నియమం. మీరు వాడని పోర్టు మీద మీ పేరుంటే, ఆ రెండు వారాలూ వాడేవాళ్లు బగ్‌తోనే కాలక్షేపం చేయాలి. మెయింటెయినర్ లైన్లో మీ మెయిల్ తీసేసి పోర్ట్స్ ఉమ్మడి చిరునామా పెడితే ఎవరైనా చేయి వేయగలరు. ఏళ్ల తరబడి చూసుకున్నదాని మీద మమకారం ఉంటుంది, కాదనను. అయినా ఈ ఆదివారం మీ పేరున్న పోర్టుల జాబితా తీయండి. వాడనివాటి మీద మీ పేరు తీసేయండి.