పేరుకు లీనియర్, తీరుకు వంకర

శ్రీరామనవమికి మా ఖమ్మం, భద్రాచలం వైపు ఊరూరా పందిరి వేస్తారు. గుంజకు గరాటా మైకులు కడతారు. మైకు సెట్టు కుర్రాడు నాబు మొత్తం తిప్పేస్తాడు. ఇక సీతమ్మవారి కల్యాణం పగిలిన డప్పులా మోగుతుంది. అయినా ఆ కుర్రాడిది చిన్న తప్పే. తాను చెడగొట్టింది తన చెవులతోనే వింటాడు, పంతులుగారు కసిరితే తగ్గిస్తాడు. మా హామ్ రేడియో సోదరుల్లో కొందరికి ఆ పాటి యోగం కూడా లేదు.

వీరి దగ్గర ఒక పెట్టె ఉంటుంది. దాని పేరు లీనియర్. రిగ్గు (రేడియో సెట్టు) ఇచ్చే 100 వాట్లను 400 చేస్తుంది. జనరల్ లైసెన్సు వారికి హెచ్ఎఫ్‌లో ఉన్న హద్దు అదే. లోపలికి వెళ్లింది ఏ పాళ్లలో పెరిగితే బయటికొచ్చేదీ అదే పాళ్లలో పెరగాలి, అందుకే ఆ పేరు. మరి మీ పెట్టెకు ఆ గుణం ఉందా అని అడిగి చూడండి. పెళ్లికొడుక్కి తాగుడు అలవాటుందా అని అడిగినట్టు మొహం మాడ్చుకుంటారు.

"లీనియర్ అని దాని మీదే రాసి ఉంది కదండీ!"

పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఊరికే పుట్టలేదు.

సారపాక దాటాక అడవి అంచున మా మిత్రులొకరున్నారు. చింతచెట్టుకూ టేకు చెట్టుకూ మధ్య డైపోల్ లాగారు. ఆయన మతం వాట్ మీటరు, దేవుడు సూది. మాట్లాడుతుంటే సూది ఊగాలి, ఊగింది చాలకపోతే డ్రైవ్ పెంచాలి, అదీ చాలకపోతే మైక్ గెయిన్. మాటలో శిఖరం వచ్చి పోయేసరికి సూది సగం దూరం కూడా వెళ్లదని ఆయనకు ఎవరు చెబుతారు? శిఖరాలు పైకప్పుకు కొట్టుకుని చదునైపోతుంటాయి. సూది మాత్రం ఇంకో గీత పైకెక్కుతుంది. మాట వాటేదో, చెత్త వాటేదో మీటరుకు తెలియదు, రెండూ కలిపి కూడుతుంది. ఆయన పొంగిపోతారు.

ఆయన రెండో సాక్షి విజయవాడలోని ఒక ఓఎం, అంటే తోటి హామ్. "ఫైవ్ నైన్ ప్లస్! ఆడియో అద్భుతం!" అంటారు రోజూ. ఆ పెద్దమనిషి అబద్ధమాడటం లేదు. తమాషా అంతా ఇక్కడే ఉంది. ఆయన రిసీవర్ ఫిల్టరు రెండున్నర కిలోహెర్ట్జ్ దాటి ఏమీ లోపలికి రానివ్వదు. చెత్త పడేది ఆ ఫిల్టరు అవతల. 700, 1900 హెర్ట్జ్ టోన్లు రెండు కలిపి వంకర ఆంప్లిఫయర్‌కు పెట్టండి: ఎవరూ పిలవని 3100 పుడుతుంది (ఇదే మూడో శ్రేణి చెత్త), ఆ తర్వాత 4300, ఆ తర్వాత 5500. ఇలా 1200 చొప్పున మెట్లు దిగుతూ పక్కింట్లోకి వెళ్తుంది. రెండో వైపూ ఇదే వరస. కాబట్టి మీతో మాట్లాడే మనిషి ఈ విషయంలో పనికిరాని సాక్షి. 5 కిలోహెర్ట్జ్ పక్కన కూర్చున్నవాడిని అడగాలి. వాడు మీకు ఫైవ్ నైన్ ఇవ్వడు, ఇచ్చేది వేరే ఉంటుంది. ఇంట్లో పల్లకీ మోత, బయట ఈగల మోత.

ఆ పక్కవాడెవరో కూడా చెబుతాను. కొత్తగూడెంలో ఒక కుర్రాడు, హైదరాబాద్‌ వాసి అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ సెట్టు కట్టుకున్నాడు. చివర ఐఆర్ఎఫ్510 అనే గోరంత ట్రాన్సిస్టరు, పది వాట్ల లోపే. ఆదివారం పొద్దున వాడు ఎవరైనా ఉన్నారా అని సీక్యూ పిలిస్తే మా మిత్రుడి నోటి తుంపర్లే వాడికి జవాబు. అడవికైతే సరిహద్దున కందకం తవ్వుతారు. 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న మా 200 కిలోహెర్ట్జ్‌లో కందకం ఎవరు తవ్వాలి?

ఇంత చేసి సంపాదించేది ఎంత? 100 నుంచి 400 వాట్లకు వెళ్తే 6 డీబీ, అంటే ఎస్ మీటరు మీద ఒకే ఒక్క గీత. డ్రైవ్ సగానికి తగ్గిస్తే పోయేది అర గీత. కానీ మూడో శ్రేణి చెత్త లెక్క ప్రకారం 9 డీబీ పడిపోతుంది. ఇంతకంటే చవక బేరం భద్రాచలం సంతలో కూడా దొరకదు.

అడిగితే సాకులు సిద్ధంగా ఉంటాయి. "ఏఎల్‌సీ ఉంది కదండీ!" ఉంది. అది రిగ్గు గుమ్మంలో కాపలా. బయట తగిలించిన పెట్టె ఏం చేస్తోందో, తీగ కలిపితే తప్ప దానికేం తెలుసు? "నీ రిసీవరే ఓవర్‌లోడ్ అవుతోంది." ఇది ఒక్కోసారి నిజమే, ఒప్పుకోవాలి. తేల్చుకోవడమూ తేలికే. అటెన్యుయేటర్ వేయండి. అసలు సిగ్నల్ తగ్గినదానికంటే ఎక్కువగా చెత్త మాయమైతే తప్పు మీ రిసీవర్‌ది. రెండూ సమానంగా తగ్గితే పాపం అవతలివారిదే.

అసలు చూడాల్సింది సీఆర్ఓలో, అంటే ఆసిలోస్కోప్‌లో. లీనియర్‌కు డమ్మీ లోడ్ తగిలించి, కోయాక్స్ నుంచి రవ్వంత సిగ్నల్ తీసి తెర మీద పెట్టండి. రెండు టోన్లు ఇస్తే పూసలదండ కనిపిస్తుంది. పూసలు గుండ్రంగా ఉండి, పూసకూ పూసకూ మధ్య గీతలు శుభ్రంగా దాటుకుంటే మంచిదే. డ్రైవ్ ఎక్కువైతే ప్రతి పూసా నెత్తి చెక్కిన తాటికాయవుతుంది. బయాస్ తక్కువైతే పూసల మధ్య కీలు నలిగిపోతుంది. ఇంకో పద్ధతిలో, లోపలికెళ్లే సిగ్నల్ స్థాయిని అడ్డంగా, బయటికొచ్చేదాన్ని నిలువుగా పెడితే త్రికోణం వస్తుంది. అంచులు తిన్నగా ఉండాలి. వేటకొడవలిలా వంగాయంటే డ్రైవ్ తగ్గించాలి, అంతే.

ఒకసారి చూసి సర్టిఫికెట్ రాసుకుంటే సరిపోదు. మా వైపు సాయంత్రం వోల్టేజీ ఎంతుంటుందో మోటార్లు కాలిన రైతులను అడగండి. 13.8 వోల్టుల దగ్గర తిన్నగా ఉన్న పెట్టె బ్యాటరీ మీద 12కు దిగితే, దాని పైకప్పు దాదాపు నాలుగో వంతు కిందికి వస్తుంది. నాబు మాత్రం పాత చోటే ఉంటుంది.

ఇది మాకు కాలక్షేపం కబురు కాదు. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. 2022లో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఇలాంటి ఆపదలోనే హామ్ రేడియో అక్కరకొస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. కబుర్ల కోసం పెట్టిన స్టేషను ఆపద్బంధువైంది. రేపు కూనవరం నుంచో చింతూరు నుంచో ఎవరైనా ట్రాక్టరు బ్యాటరీ మీద పిలిస్తే, మూడు గీతలు కూడా కదలని ఆ గొంతు మీద ఈ తుంపర్లు పడకూడదు.

మా మిత్రుడి రేడియో గదిలో సీఆర్ఓ లేకపోలేదు. దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, పైన భద్రాద్రి రామయ్య పటం పెట్టారు. అన్నా, వానాకాలం వచ్చేలోగా ఒక ఆదివారం కేటాయించండి. రామయ్యను అలమారలోకి చేర్చి, ఆ గుడ్డ తీయండి.