ఏమీ కాదమ్మా!

ఇంటింటికీ బోదకాలు మాత్రలు పంచే రోజున మా వీధిలో రెండు అబద్ధాలు ఎదురుపడతాయి. గడప బయటిది: "ఏమీ కాదమ్మా, విటమిను బిళ్ల లాంటిదే." గడప లోపలిది: "అక్కడ పెట్టెళ్లమ్మా, అన్నం తిన్నాక వేసుకుంటాం." రెండూ కలిసి రిజిస్టరులో ఒక నిజమవుతాయి, మింగినట్టు టిక్కు! ఎదుటే మింగించాలన్న నిబంధన ఉంది, పాపం, అది కాగితం దిగి రాదు.

అసలు ఏమీ కాదని ఎవరన్నారు? ఒంట్లో బోదకాలు తెచ్చే ఫైలేరియా పిల్లపురుగులు తిరుగుతుంటే, ఆ డీఈసీ మాత్ర పడగానే అవి గుంపులుగా చస్తాయి. అన్ని శవాలు ఒక్కసారి తేలితే ఒళ్లు ఊరుకుంటుందా? జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, ఒక్కోసారి వాంతి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. పురుగు లేనివాడికి చాలావరకు ఆ బాధే ఉండదు. పరగడుపున మింగి కడుపులో తిప్పించుకోవడం వేరే కథ. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, మంచం పట్టినవాళ్లకు ఇవ్వకూడదు. ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కానీ సాయంత్రానికి లెక్క పైకి పంపాలిగా!

చెప్పని ఆ రెండు నిమిషాలను టీవీవాళ్లు రోజంతా చెబుతారు. బళ్లో ఒక పిల్లాడికి వాంతయితే, వాణ్ని చూసి పది మందికి కళ్లు తిరుగుతాయి. కింద స్క్రోలింగు: "మాత్రలు వికటించి..." మనకు పెళ్లిభోజనం, ఆపరేషను, మాత్ర అన్నీ వికటించడమే. అధికారి వెంటనే మైకు ముందుకొచ్చి "మాత్రలకూ దీనికీ సంబంధం లేదు" అంటాడు. నిన్న ఏమీ కాదన్నది ఈయన శాఖే కనుక, ఈ మాటా ఎవరూ నమ్మరు.

ఈ డీఈసీ పరాయి మందేం కాదు. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపిస్తుండగా 1947లో వెలుగులోకి వచ్చిందే. ఆయన మనవాడని ఛాతీ విరుచుకుంటాం. ఆయన మాత్ర మాత్రం గొంతు దిగదు.

మా ఎదురింటాయన మూడేళ్లుగా క్రమం తప్పకుండా మాత్రలు తీసుకుంటున్నారు. ఏటా మూడు డీఈసీ, ఒక ఆల్బెండజోల్. పన్నెండూ దేవుడి పటం వెనకే. ఇంతవరకు కనిపించిన సైడ్ ఎఫెక్టు ఒక్కటే: వెంకటేశ్వరస్వామి కాస్త ముందుకు వంగాడు.