యాభై మిల్లీమీటర్ల బాబాయి

మా బాబాయికి చెవులు బాగానే పనిచేస్తాయి. కానీ ఆయన వాటిని నమ్మడు. అట్టపెట్టె మీద అచ్చేసిన అంకెను నమ్ముతాడు. ఆయన లెక్కలో కెమెరా అంటే మెగాపిక్సెళ్లు, ఏసీ అంటే టన్నులు, బండి అంటే సీసీలు. పెళ్లిచూపుల్లో తనను పేరు కన్నా ముందు ఎత్తెంతని అడిగాడని పిన్ని చెబుతుంది. ఆయన ఇంతవరకు ఖండించలేదు.

1990ల్లో ఆయనింట్లో ఒక టేప్‌రికార్డర్ ఉండేది. దాని ముఖాన వెండిరంగు స్టిక్కరు: ‘1000 వాట్లు పీఎంపీఓ’. ఆ పీఎంపీఓ అనేది ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకున్న లెక్క. గోడ ప్లగ్గులోంచి ఆ పెట్టె తాగే కరెంటు వసారాలో వెలిగే బల్బు పాటి కూడా ఉండేది కాదు. వీధి చివరిదాకా వినిపించాలని ఫుల్లుగా తిప్పితే పాట కాస్తా దగ్గులా వచ్చేది. ఆ టేప్‌రికార్డర్ ఎప్పుడో పాతసామాన్ల వాడికి పోయింది. స్టిక్కరు మాత్రం ఊడదీసి బీరువా తలుపుకి అతికించుకున్నాడు.

మొన్న మా చిన్నూ గేమింగ్ హెడ్‌సెట్ కావాలన్నాడు. వాడాడే బీజీఎంఐ అనే తుపాకుల ఆటలో శత్రువు అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియకపోతే ప్రాణాలు పోతాయిట. బాబాయిని ఎవరూ పిలవలేదు. ఆయన్ని పిలవక్కర్లేదు, బేరం వాసన తగిలితే చాలు.

“డ్రైవరు సైజెంత?” అన్నాడు గుమ్మంలోనే, చెప్పులైనా విడవకుండా.

“డ్రైవరు లావో సన్నమో మనకెందుకండీ, బండి తిన్నగా నడిపితే చాలదూ?” అంది పిన్ని.

హెడ్‌సెట్ గిన్నెలో దాగిన బుల్లి స్పీకరునే డ్రైవరంటారు. ఒక అయస్కాంతం, దాని సందులో సన్నటి తీగచుట్ట, ఆ చుట్టకి అతికించిన పలచటి పొర. పాట కరెంటుగా మారి తీగలోకి వస్తే చుట్ట ఊగుతుంది, పొర గాలిని నెడుతుంది. ఆ గాలే మన చెవిలో తుపాకీ మోత. డ్రైవరు అడ్డుకొలత గేమింగ్ హెడ్‌సెట్లలో ఎక్కువగా 40 మిల్లీమీటర్లు, లేదా 50. కొన్నిటికి 53.

బాబాయి ఎవరిదో శుభలేఖ తిరగేసి లెక్క కట్టాడు. 40 నుంచి 50కి పెరిగింది పావువంతే కదా అనుకుంటాం. వైశాల్యం చూస్తే 56 శాతం ఎక్కువ! లెక్క సరైనదే. ఆయనతో చిక్కే అది, లెక్క ఎప్పుడూ తప్పదు. పొర పెద్దదైతే కొద్దిగా కదిలినా ఎక్కువ గాలిని తోస్తుంది, లోతైన బేస్ సులువుగా పలుకుతుంది. అయితే పెద్ద పొర బరువెక్కువ, బిగువు చాలకపోతే సన్నటి స్వరాల దగ్గర తడి అప్పడంలా ఒక్కోచోట ఒక్కోలా వంగుతుంది. పైగా బేస్ మరీ దంచితే బాంబుల మోతలో అడుగుల చప్పుడు మునిగిపోతుంది. శత్రువు ఎడమనో కుడినో తెలిసేది ఒక చెవికన్నా రెండో చెవికి శబ్దం మిల్లీసెకను కన్నా తక్కువ తేడాతో చేరడం వల్ల, ఒక చెవికి కాస్త గట్టిగా, రెండో చెవికి కాస్త మెల్లగా వినపడడం వల్ల. ఇదంతా నేను బాబాయికి చెప్పలేదు. చెబితే టేపు తెచ్చి చిన్నూ తల కొలుస్తాడు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ముగ్గురం వెళ్లాం. సీటీసీ అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. లోపలికి అడుగుపెట్టగానే బాబాయి “యాభైకి తగ్గితే చూపించకు” అన్నాడు. కౌంటరు వెనక కుర్రాడికి పట్టుమని పాతికేళ్లుండవు, ఓపిక మాత్రం అరవయ్యేళ్లది.

“సైజుతోనే కాదు సార్. సోనీవాళ్లు ఎక్స్‌ఎం4 హెడ్‌ఫోన్ల 40 పెట్టిండ్రు, 2022ల ఎక్స్‌ఎం5కి వచ్చేసరికి 30కి దించిండ్రు.”

“ధర కూడా దించారా?”

“లేదు సార్.”

“మరి ఆ పది ఎమ్మెమ్ ఎవరు తిన్నట్టు?”

కుర్రాడు ఓడిపోలేదు. “మా ఊర్ల డప్పు కొట్టేటోళ్లు ముందుగాల మంట పెట్టి డప్పు కాపుతరు సార్. కాపితె డప్పు పెద్దగైతదా? సైజు గంతే ఉంటది, సప్పుడు మారుతది. గిదీ గంతే. పొర దేంతోని చేసిండ్రు, గిన్నె ఎట్ల కట్టిండ్రు, మెత్త చెవికి ఎట్ల కూసుంటది...”

బాబాయి ఆలోచనలో పడ్డాడు. ఈసారి దారికొచ్చాడనే అనుకున్నాను.

“ఎన్ని డిగ్రీల దాకా కాపుతారు?” అన్నాడు.

కుర్రాడిక మాటలు ఆపేశాడు. పెట్టె కౌంటరు కిందే ఉంచి, ఒక హెడ్‌సెట్ తీసి ఆయన తలకి తగిలించి పాట పెట్టాడు. బాబాయి మొహం చిట్లించాడు.

“బేస్ ఏదీ? ఇది నలభయ్యే. రాసిస్తాను.”

కుర్రాడు ఆయన కళ్లజోడు వంక చూశాడు. వేలెడు మందాన నల్ల ఫ్రేము. దాని కాడలు చెవి పక్కన మెత్తని పైకి లేపి సందు చేస్తున్నాయి. మూసి ఉండే హెడ్‌సెట్‌లో మెత్తకీ చెవికీ మధ్య గాలి బందీగా ఉంటేనే బేస్ నిలుస్తుంది. చిన్న సందు దొరికినా ముందు జారుకునేది అదే. “ఒక్క నిమిషం సార్” అని కుర్రాడు మెల్లగా కళ్లజోడు లాగి పక్కన పెట్టి, మెత్తలు సరిగ్గా నొక్కాడు.

బాబాయి కనుబొమలు పైకి లేచాయి. కాలు ఆడింది. తల ఊగింది. దుకాణమంతా తిరిగి చూసేలా అరిచాడు:

“ఇదీ! యాభై అంటే ఇదీ! బిల్లు వెయ్యి!”

కుర్రాడు పెట్టె పైకి తీశాడు. బాబాయి దాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు, మళ్లీ దూరం పెట్టాడు. కళ్లజోడు పెట్టుకుందామంటే బేస్ పోతుందని భయం.

“ఒరేయ్ చిన్నూ, దీనిమీద ఎంతని ఉందో చదవరా.”

చిన్నూ పెట్టె చూశాడు. పావలా కాసంత అంకెల్లో 40 అని ఉంది. వాడు కుర్రాడి వంక చూశాడు, కుర్రాడు బిల్లు పుస్తకం వంక చూశాడు. చిన్నూ నా వంక చూశాడు, నేను పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాను.

“యాభై, చిన్నతాతా” అన్నాడు.